స్పైడర్‌మ్యాన్ కాపాడాడా.. చంపాడా? కామిక్‌లో కథని, బొమ్మని ఎలా చూడాలో నేర్పే 1973 నాటి సంచిక

వంతెన మీద నుంచి ఓ అమ్మాయి కిందికి పడిపోతోంది. పైనున్న హీరో సాలెగూడు తాడు విసిరాడు. అది సరిగ్గా ఆమె కాళ్లకు చుట్టుకుంది. నీళ్లలో పడకుండా ఆమె గాల్లోనే ఆగిపోయింది. హమ్మయ్య, కాపాడేశాడు అనుకుంటాం. హీరో కూడా అదే అనుకున్నాడు. తనను తానే మెచ్చుకుంటూ, జోకులేసుకుంటూ ఆమెను పైకి లాగాడు. తీరా చూస్తే ఆమెలో ప్రాణం లేదు.

ఇది 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచికలోని సీన్. కవర్ మీద తేదీ జూన్ 1973. ధర 20 సెంట్లు. చనిపోయింది పీటర్ పార్కర్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ. సుమారు 20 పేజీల ఈ కథ వచ్చి 50 ఏళ్లు దాటిపోయింది. అయినా అభిమానులు ఒక ప్రశ్న దగ్గర ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. గ్వెన్‌ను చంపింది విలనా? లేక హీరో విసిరిన తాడా?

ఆ వాదన మొత్తానికి మూలం ఒకే ఒక్క పదం. ఆమె మెడ పక్కన చిన్న అక్షరాలతో రాసిన ఒక శబ్దం. ఆ పదం లేకపోతే ఇది మామూలు విషాద కథ. ఆ పదం వల్లే ఇది వేరే కథ అయ్యింది. అందుకే ఒక సూపర్ హీరో కామిక్ బాగుందా లేదా అని ఎలా తేల్చాలో తెలుసుకోవాలంటే ఈ సంచిక కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. "కథ బాగుంది, బొమ్మలు బాగున్నాయి" అని విడివిడిగా మార్కులు వేస్తే సరిపోదని ఇది తేల్చి చెబుతుంది. ఎలాగో చూద్దాం.

ఎవరీ గ్వెన్? మనకు ఎందుకు తెలుసు?

కామిక్ చదవకపోయినా గ్వెన్ మన ప్రేక్షకులకు కొత్త కాదు. 2014లో వచ్చిన 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2' తెలుగులోనూ డబ్ అయ్యింది. అందులో ఎమ్మా స్టోన్ చేసిన పాత్రే గ్వెన్. గడియారం టవర్ లోపల పడిపోతుంటే ఆండ్రూ గార్‌ఫీల్డ్ వెబ్ వేస్తాడు, కానీ కాపాడలేకపోతాడు. 2021లో వచ్చిన 'నో వే హోమ్'లో అదే ఆండ్రూ గార్‌ఫీల్డ్, పడిపోతున్న ఎంజేని పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటే థియేటర్లో చాలామంది గొంతు పట్టేసింది. అక్కడ అతను దూరం నుంచి తాడు వేయలేదు. తనే దూకి ఆమెను చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ తేడా ఎందుకుందో అర్థం కావాలంటే 1973 నాటి ఈ సంచిక దాకా వెళ్లాల్సిందే.

కామిక్స్‌లో గ్వెన్ మొదట కనిపించింది 1965లో, 31వ సంచికలో. ఆమె తండ్రి పోలీస్ కెప్టెన్ జార్జ్ స్టేసీ 1970లో, 90వ సంచికలో చనిపోయారు. ఆ తర్వాత రెండున్నరేళ్లకు కూతురి వంతు వచ్చింది.

సంచికలో అసలు ఏం జరుగుతుంది?

కథ సూటిగానే ఉంటుంది. పీటర్ స్నేహితుడు హ్యారీ ఆస్బర్న్ ఎల్‌ఎస్‌డీ మత్తుమందు వల్ల మంచాన పడ్డాడు. తండ్రి నార్మన్ ఆస్బర్న్‌కు ఒకపక్క కొడుకు బెంగ, మరోపక్క వ్యాపారంలో చిక్కులు. ఆ ఒత్తిడిలో నార్మన్‌కు తాను మర్చిపోయిన గతం గుర్తొస్తుంది. తానే గ్రీన్ గాబ్లిన్ అనీ, పీటరే స్పైడర్‌మ్యాన్ అనీ గుర్తొస్తుంది. గ్వెన్‌ను ఎత్తుకెళ్లి వంతెన టవర్ మీద పెడతాడు. ఆమె స్పృహలో లేదు. జలుబు, జ్వరంతో ఒళ్లు తూలుతున్న స్పైడర్‌మ్యాన్ అక్కడికి వస్తాడు. ఫైట్ జరుగుతుంది. గాబ్లిన్ తన గ్లైడర్‌తో గ్వెన్‌ను టవర్ మీద నుంచి పడగొడతాడు. ఆ తర్వాత జరిగింది పైన చెప్పుకున్నాం.

ఈ కథను 'విలన్ హీరోయిన్‌ను ఎత్తుకెళ్లాడు, హీరో వచ్చాడు' అని ఒక్క లైన్‌లో కొట్టిపారేయొచ్చు. అలాంటి కథలు అప్పటికే వందలు వచ్చాయి. మరి దీన్ని ఎందుకు గుర్తుపెట్టుకున్నాం? ఏం జరిగిందన్న దానికంటే ఎలా చెప్పారన్నది ఇక్కడ ముఖ్యం. కామిక్‌ను అంచనా వేయడంలో మొదటి మెట్టు ఇదే. కథాంశాన్ని, కథ చెప్పిన తీరును విడదీసి చూడాలి.

ఎవరు ఏం చేశారు? ముందు అది తేల్చుకోవాలి

కామిక్ ఒక్కరి పని కాదు. ఈ సంచికకు రచయిత జెర్రీ కాన్వే. అప్పటికి ఆయన వయసు 20 ఏళ్లే. పెన్సిల్‌తో బొమ్మలు గీసింది గిల్ కేన్. ఆ పెన్సిల్ గీతల మీద సిరా దిద్దింది జాన్ రొమిటా సీనియర్, టోనీ మోర్టెల్లారో. అక్షరాలు రాసింది ఆర్టీ సైమెక్. ఎడిటర్ రాయ్ థామస్. కవర్ బొమ్మ రొమిటాది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఆ రోజుల్లో మార్వెల్‌లో పని జరిగే పద్ధతే వేరు. సినిమాకు రాసినట్టు ముందే డైలాగులతో స్క్రిప్టు రాసేవారు కాదు. రచయిత కథ గీత మాత్రం చెప్పేవారు. చిత్రకారుడు దాన్ని పేజీలుగా, ప్యానెళ్లుగా విడగొట్టి గీసేవారు. ఎక్కడ ఆగాలి, ఎవరిని దగ్గరగా చూపించాలి, ఏ క్షణానికి ఎంత చోటివ్వాలి అన్నవి చాలావరకు ఆయన చేతిలోనే ఉండేవి. బొమ్మలు తిరిగొచ్చాక రచయిత వాటి మీద మాటలు, శబ్దాలు రాసేవారు. దీన్నే 'మార్వెల్ మెథడ్' అంటారు.

ఇది తెలియకపోతే మార్కులు తప్పు మనిషికి పడతాయి. కథ వేగంగా పరిగెత్తితే రచయితను మెచ్చుకుంటాం. నిజానికి ఆ వేగంలో చిత్రకారుడి వాటాయే ఎక్కువ ఉండొచ్చు. అలాగే బొమ్మలో లేని అర్థాన్ని ఒక్క పదంతో తెచ్చిపెట్టే అవకాశం రచయితకు చివర్లో దొరుకుతుంది. ఈ సంచికలో సరిగ్గా అదే జరిగింది.

రాత ఎలా ఉంది? నాలుగు మంచి పనులు

మొదటిది, పేరు దాచిపెట్టడం. ప్రతి కథకూ మొదటి పేజీలో పేరు పెట్టడం అప్పటి అలవాటు. ఇక్కడ పేరు చివరి పేజీ దాకా కనిపించదు. అన్నీ అయిపోయాక పేజీ అడుగున 'గ్వెన్ స్టేసీ చనిపోయిన రాత్రి' అని అర్థమొచ్చే పేరు వస్తుంది. కవర్ మీద స్పైడర్‌మ్యాన్ చుట్టూ అతని వాళ్లందరి ముఖాలు వేసి, వీళ్లలో ఒకరు పోతారని ముందే చెప్పేశారు. పోతారన్నది తెలుసు, ఎవరన్నదే తెలియదు. పాఠకుడు ప్రతి ముఖాన్నీ అనుమానంగా చూస్తూ పేజీలు తిప్పుతాడు.

రెండోది, హీరోకు జ్వరం. పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ చివర్లో అదే గుచ్చుకుంటుంది. ఒళ్లు బాగుంటే ఇంకోలా జరిగేదా? తాడు వేయకుండా తనే దూకేవాడా? రచయిత ఈ ప్రశ్న ఎక్కడా అడగడు. మన మనసులో పుట్టేలా చేసి వదిలేస్తాడు.

మూడోది, జోకులు. స్పైడర్‌మ్యాన్ అంటేనే ఫైట్ మధ్యలో వాగుడు. అది అతని ట్రేడ్‌మార్క్. తాడు గ్వెన్‌కు అందగానే అతను తన శక్తులను తానే పొగుడుకుంటాడు. మనకు అప్పటికే అనుమానం మొదలైంది. అతనికి మాత్రం ఇంకా తెలియదు. పదేళ్లుగా మనల్ని నవ్వించిన అలవాటే ఆ కొన్ని ప్యానెళ్లలో చూడలేని విషయం అవుతుంది. ఏడుపు డైలాగులు ఎన్ని రాసినా ఈ పని చేయలేవు.

నాలుగోది, విలన్. నార్మన్ ఊరికే పిచ్చివాడు కాడు. కొడుకు కళ్ల ముందే నాశనమైపోతున్న తండ్రి. అతని కోపానికి కారణం ఉంది, దాన్ని తప్పు మనుషుల మీదకు మళ్లించాడు. హ్యారీ మత్తుమందు కథ 1971లో వచ్చిన 96 నుంచి 98 సంచికల్లో మొదలైంది. స్టాన్ లీ రాసి, ఇదే గిల్ కేన్ గీసిన ఆ మూడు సంచికలు, కామిక్స్ పరిశ్రమ సొంతంగా పెట్టుకున్న సెన్సార్ ముద్ర లేకుండానే మార్కెట్లోకి వచ్చాయి. అంటే 121లో జరిగిన దానికి బీజం రెండేళ్ల ముందే పడింది. మంచి సీరియల్ రచనలో ఉండాల్సింది ఇదే. దెబ్బ హఠాత్తుగా తగలాలి, వెనక్కి తిరిగి చూస్తే మాత్రం దారంతా కనిపించాలి.

బొమ్మ ఎలా ఉంది? అందం ఒక్కటే చూడకండి

మనలో చాలామందికి బొమ్మల కథలంటే ముందు గుర్తొచ్చేది చందమామ. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మను ఎవరు మర్చిపోతారు? కానీ అక్కడ కథ అక్షరాల్లో ఉంటుంది, బొమ్మ దానికి తోడుగా వస్తుంది. బొమ్మ తీసేసినా కథ ఆగదు. కామిక్‌లో అలా కుదరదు. కథ నడిచేదే బొమ్మల్లో. కాబట్టి 'ఎంత అందంగా గీశారు' అన్నది రెండో ప్రశ్న. 'మాటలు మూసేసినా కథ తెలుస్తోందా' అన్నది మొదటి ప్రశ్న.

ఈ పరీక్షలో గిల్ కేన్ సులువుగా నెగ్గుతారు. ఆయన మనుషులు నిలబడరు. దూసుకొస్తారు, వంగిపోతారు, ఎగిరిపడతారు. ముఖాల్ని కింది నుంచి చూసినట్టు గీయడం ఆయన అలవాటు. కొందరికి అది అతిగా అనిపిస్తుంది. కానీ వంతెన టవర్ లాంటి చోట ఆ అలవాటే పనికొచ్చింది. ఎత్తు అంటే ఏంటో కడుపులో తెలుస్తుంది.

అయితే కేన్ ఒక్కరే అయితే ఈ సంచిక ఇలా ఉండేది కాదు. ఆయన ముఖాలు కాస్త కరుకుగా ఉంటాయి. 1966 నుంచి గ్వెన్‌ను, మేరీ జేన్‌ను గీసి గీసి వాళ్లకొక రూపం తెచ్చింది రొమిటా. ఇక్కడ కేన్ పెన్సిల్ మీద సిరా దిద్దిందీ ఆయనే. దాంతో ఒళ్లంతా కేన్ వేగం, ముఖంలో రొమిటా మెత్తదనం. పాఠకుడికి ఆ అమ్మాయి ఏడేళ్లుగా తెలిసిన గ్వెన్‌లాగే కనిపిస్తుంది. పరిచయం లేని ముఖం అయ్యుంటే ఆ చావు అంత తగిలేది కాదు. సిరా దిద్దడం అంటే ఉన్న గీత మీద మళ్లీ గీయడమే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ సంచిక ఒకసారి చూడాలి.

ఇక ఆ ప్యానెల్. తాడు పైనుంచి నిలువుగా కిందికి దిగుతుంది. దాని చివర గ్వెన్. కాళ్లకు తాడు చుట్టుకుంది. తల వెనక్కి వాలిపోయింది. ఆకుపచ్చ కోటు, చెదిరిన జుట్టు. ఇందులో రక్తం లేదు, అరుపు లేదు. ఆమె అసలు నిద్ర లేవనే లేదు.

ఆ చిన్న అక్షరాలు

ఆ బొమ్మలో రెండు శబ్దాలున్నాయి. ఒకటి తాడు కాళ్లకు అతుక్కున్న చప్పుడు. రెండోది ఆమె మెడ దగ్గర చిన్నగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో 'స్నాప్'. మన భాషలో చెప్పాలంటే 'పుటుక్'.

ఆ సంచిక మీకు దొరికితే ఒక పని చేయండి. ఆ చిన్న పదాన్ని బొటనవేలితో మూసేసి ఆ పేజీ చదవండి. అప్పుడు కథ ఇలా ఉంటుంది: గాబ్లిన్ ఆమెను తోశాడు, హీరో పట్టుకున్నాడు, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. తప్పంతా విలన్‌ది. హీరో నిర్దోషి. ఇప్పుడు వేలు తీయండి. మొత్తం మారిపోయింది. ఆమె అప్పటిదాకా బతికే ఉంది. తాడు ఆపిన కుదుపుకు మెడ విరిగింది. కాపాడిన చెయ్యే చంపింది.

మాటలు, శబ్దాలు బొమ్మ తర్వాతే వచ్చి చేరే పద్ధతి అని ఇందాక చెప్పుకున్నాం. అంటే కేన్ గీసిన వాలిన తల రెండు రకాలుగానూ అర్థమవుతుంది. దానికి ఒక్క అర్థాన్ని ముడివేసింది ఆ అక్షరాలే. ఇంకో విశేషం ఏంటంటే, కథలో ఎవరూ దాన్ని వినరు. స్పైడర్‌మ్యాన్ వినలేదు. గాబ్లిన్ వినలేదు. విన్నది మనం మాత్రమే. హీరోకు తెలియని నిజాన్ని మోసే పని పాఠకుడి మీద పడింది.

ఇది నవలలో కుదరదు. అక్కడ 'మెడ విరిగిన చప్పుడు' అని వాక్యం రాస్తే అది కుండబద్దలు కొట్టినట్టు ఉంటుంది. సినిమాలోనూ ఇలా కుదరదు. అక్కడ ఆ చప్పుడు థియేటర్ అంతా వినిపిస్తుంది. కామిక్‌లో మాత్రమే ఒక చప్పుడు చూపు పడితే ఉంటుంది, పడకపోతే లేదు. చాలామంది మొదటిసారి చదివినప్పుడు దాన్ని దాటేసి, రెండోసారి చూసి ఉలిక్కిపడతారు. కథా, బొమ్మా విడివిడిగా చేయలేనిది రెండూ కలిసి చేయడం అంటే ఇదే.

విలన్ మాట నమ్మొచ్చా? సైన్స్ ఏం చెబుతోంది?

కథలో గాబ్లిన్ ఇంకో మాట అంటాడు. అంత ఎత్తు నుంచి పడితే నేల తాకకముందే మనిషి ప్రాణం పోతుందని. ఇది నిజం కాదు. స్కైడైవింగ్ చేసేవాళ్లు గంటకు 190 కిలోమీటర్లకు పైగా వేగంతో పడుతూ కూడా కులాసాగా ఉంటారు. మనిషిని చంపేది పడటం కాదు, ఉన్నట్టుండి ఆగడం.

చిన్న లెక్క వేద్దాం. గ్వెన్ సుమారు 90 మీటర్లు పడిందనుకుందాం. గాలి నిరోధాన్ని పక్కన పెడితే అప్పటికి ఆమె వేగం సెకనుకు 42 మీటర్లు. అంటే గంటకు 150 కిలోమీటర్లు. ఆ వేగాన్ని తాడు అర సెకనులో సున్నా చేసిందంటే, ఆమె మీద పడే బలం ఆమె సొంత బరువుకు తొమ్మిది పది రెట్లు. అదీ తల కిందికి వేలాడుతూ, ఒంట్లో బిగువు లేనప్పుడు. మెడ తట్టుకోవడం కష్టమే. అమెరికా భౌతికశాస్త్రవేత్త జేమ్స్ కకాలియోస్ 2005లో సూపర్ హీరోల భౌతికశాస్త్రం మీద రాసిన పుస్తకంలో ఈ సీన్‌నే ఉదాహరణగా తీసుకుని లెక్క కట్టారు.

అప్పట్లో ఉత్తరాల వర్షం కురిశాక, 125వ సంచిక పాఠకుల పేజీలో ఎడిటర్ హోదాలో రాయ్ థామస్ వివరణ ఇచ్చారు. తాడు ఒక్కసారిగా ఆపిన కుదుపుకే ఆమె చనిపోయిందని, పట్టుకోకపోయినా బతికేది కాదని. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. కామిక్‌లో ఒక మాట కనిపిస్తే అది ఎవరి నోట వచ్చిందో చూడాలి. విలన్ బుడగలోని మాట రచయిత తీర్పు కాదు. ఇక్కడ విలన్ మాట ఒకటి చెబుతుంటే చిన్న అక్షరాలు ఇంకోటి చెబుతున్నాయి. ఆ రెండింటి మధ్య గొడవే ఈ కథ ప్రాణం.

తప్పులు లేవా? ఉన్నాయి, పెద్దవే

ముందు కనిపించే తప్పు వంతెన. డైలాగులో దాన్ని జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జ్ అన్నారు. బొమ్మలో ఉన్నది రాతి టవర్లు, మొనదేలిన తోరణాలు. అది బ్రూక్లిన్ బ్రిడ్జ్. జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జ్ టవర్లు ఉక్కు చట్రాలు. రెండూ న్యూయార్క్‌లోవే గానీ, ఎక్కడా పోలిక లేదు. హౌరా బ్రిడ్జ్ బొమ్మ వేసి గోదావరి వంతెన అన్నట్టు. ఒకరు గీస్తే ఇంకొకరు తర్వాత మాటలు రాసే పద్ధతిలో ఇలాంటివి దొర్లుతుంటాయి.

మరి దీనికి ఎన్ని మార్కులు తగ్గించాలి? నిజం చెప్పాలంటే పెద్దగా అక్కర్లేదు. ఇది ఎడిటింగ్‌లో జరిగిన పొరపాటు. కథకు కావాల్సింది ఎత్తు, కింద నీళ్లు, ఒంటరితనం. అవి బొమ్మలో ఉన్నాయి. సమాచారంలో తప్పు వేరు, కథలో లోపం వేరు. రివ్యూలు రాసేవాళ్లు చాలామంది మొదటిది పట్టుకుని చంకలు గుద్దుకుంటూ రెండోదాన్ని వదిలేస్తారు.

అసలు లోపం ఇంకోచోట ఉంది. ఈ కథ గ్వెన్ చావు గురించి. కానీ ఇందులో గ్వెన్ ఎక్కడ? మొదట్లో కాసేపు కనిపిస్తుంది, హ్యారీ గురించి బాధపడుతుంది. ఆ తర్వాత స్పృహ తప్పిన శరీరమే. తనను ఎవరు ఎత్తుకెళ్లారో, ఎందుకో, తను ప్రేమించిన మనిషి ఎవరో కూడా తెలియకుండానే పోయింది. ఒక్క నిర్ణయం ఆమెది కాదు. చివరి మాట కూడా లేదు. ఇద్దరు మగాళ్ల పగ మధ్య ఆమె ఒక వస్తువైపోయింది.

గ్వెన్ కంటే మేరీ జేన్ పాత్రే తనకు ఆసక్తిగా ఉండేదని కాన్వే తర్వాత చాలాసార్లు చెప్పారు. అది రచయిత ఇష్టం. కానీ పాత్ర చప్పగా ఉందనిపిస్తే దానికి ప్రాణం పోయడం ఒక దారి, ప్రాణం తీయడం ఇంకో దారి. ఇక్కడ రెండో దారి పట్టారు. 1999లో రచయిత్రి గెయిల్ సిమోన్ కామిక్స్‌లో ఇలా హీరో కథ కోసం చంపేసిన, చిత్రహింస పెట్టిన ఆడపాత్రల జాబితా తయారుచేశారు. దానికి పేరు పెట్టింది 1994 నాటి ఒక గ్రీన్ లాంటర్న్ సంచికను బట్టి. అందులో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో పెడతారు. ఆ చర్చ వచ్చిన ప్రతిసారీ అంతకు ఇరవై ఏళ్ల ముందటి గ్వెన్ పేరు కూడా వస్తుంది. రావాలి కూడా.

2014లో మార్వెల్ 'ఎడ్జ్ ఆఫ్ స్పైడర్‌వర్స్' రెండో సంచికలో ఇంకో లోకపు గ్వెన్‌ను తెచ్చింది. అక్కడ ఆమే సాలీడు శక్తులున్న హీరో, చనిపోయింది పీటర్. తెలుగులోనూ రిలీజైన 2023 నాటి 'అక్రాస్ ద స్పైడర్‌వర్స్' యానిమేషన్ సినిమాలో మనం చూసింది ఆ గ్వెన్‌నే. పాత సంచికలో మిగిలిపోయిన బాకీని నలభై ఏళ్ల తర్వాత తీర్చినట్టయ్యింది.

ఒక 'పుటుక్'.. ఒక 'క్లిక్'

ఈ సంచికను ఒంటరిగా కాకుండా తర్వాతి 122తో కలిపి చదివితే ఇంకో అందం కనిపిస్తుంది. అందులో స్పైడర్‌మ్యాన్ గాబ్లిన్‌ను చావగొడతాడు, కానీ చంపే దాకా వెళ్లి ఆగిపోతాడు. వెనక నుంచి అతని మీదకు గాబ్లిన్ రప్పించిన గ్లైడర్, హీరో పక్కకు తప్పుకోవడంతో గాబ్లిన్‌కే గుచ్చుకుంటుంది. పగ తీరింది. కానీ పీటర్‌కు ఏమీ తీరినట్టు ఉండదు.

చివరి పేజీలో మేరీ జేన్ ఓదార్చడానికి వస్తుంది. అప్పటిదాకా ఆమె సరదా మనిషి, పార్టీల పిల్ల. పీటర్ కోపంతో ఆమెను నానా మాటలు అని పొమ్మంటాడు. ఆమె కన్నీళ్లతో తలుపు దాకా వెళ్తుంది. ఆగుతుంది. బయటికి వెళ్లదు. లోపలే ఉండి తలుపు మూస్తుంది. 'క్లిక్'.

పక్కపక్క సంచికల్లో రెండు చిన్న చప్పుళ్లు. మొదటిది ఒకరిని తీసుకెళ్లింది. రెండోది ఒకరిని ఉండనిచ్చింది. ఆ తలుపు దగ్గర మాటలు దాదాపు లేవు. ఆమె ముఖం, చెయ్యి, తలుపు. అంతే. గ్వెన్‌కు 121లో దక్కని నిర్ణయం 122లో మేరీ జేన్‌కు దక్కింది. ఆమె ఉండాలని తనే అనుకుంది. అందుకే ఆ పేజీ అంత బలంగా ఉంటుంది. గ్వెన్ విషయంలో ఏం తక్కువైందో కూడా అదే చూపిస్తుంది.

మీరు ఏ కామిక్ తీసుకున్నా ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి

ఒకటి, మాటల బుడగలు మూసేసి బొమ్మలు మాత్రం చూస్తే కథ అర్థమవుతోందా? అర్థం కాకపోతే చిత్రకారుడు కథ చెప్పడం మానేసి పోజులు గీస్తున్నాడన్నమాట.

రెండు, బొమ్మలో కనిపిస్తున్నదాన్నే మాటల్లో మళ్లీ చెబుతున్నారా? మంచి రాత బొమ్మ చెప్పలేనిదాన్ని చెబుతుంది, లేదా బొమ్మ చెప్పినదానికి అడ్డం తిరుగుతుంది.

మూడు, ఆ చావు, ఆ మలుపు ఎక్కడి నుంచి వచ్చాయి? వెనక పేజీల్లో వాటి జాడ ఉందా, లేక అమ్మకాల కోసం ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?

నాలుగు, దెబ్బతిన్న పాత్ర మనిషా, లేక హీరోను ఏడిపించడానికి పెట్టిన పరికరమా?

ఐదు, అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ కథను బొమ్మలు లేకుండా రాస్తే, లేదా మాటలు లేకుండా గీస్తే ఏం పోతుంది? ఏమీ పోదంటే అది సాదా సంచిక. ప్రాణం పోతుందంటే అది మంచి కామిక్.

మరి ఈ సంచిక సంగతి? మొదటి మూడు ప్రశ్నలకూ బాగానే నిలబడుతుంది. నాలుగో ప్రశ్న దగ్గర తలదించుకోవాల్సిందే. దాన్ని దాచిపెట్టి 'క్లాసిక్' అని చప్పట్లు కొట్టడం న్యాయం కాదు. ఐదో ప్రశ్నకు మాత్రం ఇంతకంటే గట్టి జవాబు ఇచ్చిన సూపర్ హీరో కామిక్స్ తక్కువ. బొటనవేలంత చోటులో ఒక పదం పెట్టి, కాపాడటానికీ చంపడానికీ మధ్య ఉన్న గీతను చెరిపేశారు. మామూలుగా సూపర్ హీరో కథల్లో శక్తి ఉన్నవాడు చెయ్యి చాపితే ఎదుటివాడు బతుకుతాడు. ఇక్కడ శక్తీ ఉంది, ప్రేమా ఉంది, సమయానికి చెయ్యీ అందింది. అయినా ఆమె బతకలేదు. ఆ రోజు ఆ పత్రిక కొన్న పిల్లలు కోపంతో ఉత్తరాలు రాశారంటే ఆశ్చర్యం ఏముంది? అంత చేసినా ఒక్కోసారి మనుషులు దక్కరన్న సంగతి వాళ్లకు బహుశా అప్పుడే మొదటిసారి తెలిసి ఉంటుంది.